బాబ్ డిలన్ ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’ పాటలు కార్డ్స్ కరెక్ట్‌గా పట్టుకున్నా రికార్డులోలా ఎందుకు రావట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఏడాదిగా గిటార్ నేర్చుకుంటున్నారు, అమెరికన్ గాయకుడు డిలన్ 1975 ఆల్బమ్ మీద మనసు పడింది, ‘సింపుల్ ట్విస్ట్ ఆఫ్ ఫేట్’, ‘షెల్టర్ ఫ్రమ్ ద స్టార్మ్’ కార్డ్స్ నెట్‌లోంచి దించుకుని వాయిస్తున్నారు. కార్డ్స్‌లో తప్పు లేదు, అయినా మీది చప్పగా ఉంది, రికార్డులో మాత్రం ఇద్దరు ముగ్గురు కలిసి వాయిస్తున్నట్టు నిండుగా వినపడుతోంది. ఖరీదైన గిటార్ కొనాలా అని అడిగారు. ముందు న్యూయార్క్‌లో రికార్డ్ చేసిన వెర్షనే అసలుది, మార్కెట్లో ఉన్నది పాడుచేసింది అని మీ ఫ్రెండ్ అంటున్నాడు. డిలన్ విడాకుల కథ తెలియకపోతే ఆల్బమ్ తలకెక్కదని కూడా అన్నాడట.

ముందు గిటార్ సంగతి. కొనకండి. శృతి మార్చండి. మీరు వాయిస్తున్నది మామూలు ట్యూనింగ్‌లో, ఆ పాటలు ఉన్నది ఓపెన్ డి ట్యూనింగ్‌లో, రెండో ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి. ఆ రెండు పాటల్లోనూ ఉన్నది ఒక్క గిటారే, డిలన్‌దే, పక్కన టోనీ బ్రౌన్ అనే ఆయన బేస్, మధ్యలో డిలన్ మౌతార్గాన్, అంతే. ఇంకో గిటార్ లేదు. మీకు ముగ్గురు వాయించినట్టు వినపడుతున్నదంతా తీగలు కట్టిన పద్ధతి వల్ల.

ఎలా మార్చాలో చెప్తా. లావు తీగ ఇ నుంచి డి కి దించండి. ఐదో తీగ, నాలుగో తీగ ముట్టుకోవద్దు. మూడో తీగ జి నుంచి అరమెట్టు దించితే ఎఫ్ షార్ప్. రెండోది బి నుంచి ఎ కి, ఒకటోది ఇ నుంచి డి కి. లావు తీగ వైపు నుంచి చదివితే డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. ఇప్పుడు ఎడమ చెయ్యి తీసేసి ఊరికే మీటండి, నిండైన మేజర్ కార్డ్ మోగుతుంది.

నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయికి చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం వచ్చు. ఈ ట్యూనింగ్ చేసి ఒక్కో తీగ మీటి చూపిస్తే నేను పేర్లు చెప్పేలోపే తనే పాడేసింది, స ప స గ ప స అని. అంతేనండి, డి ని షడ్జమం అనుకుంటే తంబూరాలో ఉండే స, ప లకి ఒక అంతర గాంధారం కలిసినట్టు. మామూలు ట్యూనింగ్‌లో కార్డ్ మారినప్పుడల్లా వేళ్ళ కింద దాదాపు అన్ని తీగలూ ఆగిపోయి కొత్తగా మొదలవుతాయి. ఇక్కడ షడ్జమం తీగలు మూడున్నాయి, వాటిల్లో రెండైనా కార్డ్ మారినా ఆగకుండా మోగుతూనే ఉంటాయి. పాటంతా వెనకాల శృతి పెట్టె పెట్టినట్టు. ఇది డిలన్ కనిపెట్టింది కాదు, పాత బ్లూస్ వాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్నదే. కానీ ఒక ఆల్బమ్‌కి సరిపడా పాటలన్నీ దీంట్లోనే పట్టుకుని స్టూడియోకి రావడం మాత్రం ఆయనకి కూడా కొత్తే.

ఇప్పుడు ‘సింపుల్ ట్విస్ట్’ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ ఆల్బమ్ మొత్తంలో ఏ ఒక్క పాట వాయించి ఆపేసినా పర్లేదు గానీ ఇది మాత్రం వాయించాలి. మీ కార్డ్ షీట్‌లో ఇ, ఇ మేజర్ సెవెన్, ఇ సెవెన్, ఎ, ఎ మైనర్, మళ్ళీ ఇ అని ఉంటుంది. ఇవి వేర్వేరు కార్డ్స్ అని నేర్చుకుంటే పాట అక్కడే చచ్చిపోతుంది, నిజానికి అది ఒకే ఒక్క గీత, మెట్టు మెట్టుగా కిందకి దిగుతోంది. ఓపెన్ డి లో అయితే అది కళ్ళకి కనపడుతుంది కూడా. నేను ఎలా నేర్పిస్తానంటే, క్యాపో నుంచి లెక్కపెట్టి ఐదో తీగ మీద ఐదో ఫ్రెట్, తర్వాత నాలుగు, తర్వాత మూడు, మిగతా తీగలన్నీ వదిలెయ్యండి మోగనివ్వండి. తర్వాత రెండో ఫ్రెట్‌కి వచ్చినప్పుడు మూడో తీగ ఒకటో ఫ్రెట్, రెండో తీగ రెండో ఫ్రెట్ కూడా పట్టుకోండి, అది మీ ఎ కార్డ్. ఇప్పుడు ఐదో తీగ మీది, రెండో తీగ మీది రెండు వేళ్ళనీ ఒక్కో ఫ్రెట్ వెనక్కి జరపండి, ఎ మైనర్. వేళ్ళన్నీ తీసెయ్యండి, ఇంటికొచ్చేశారు. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఖాళీ.

స్వరాల్లో చెప్పాలంటే స, కాకలి ని, కైశికి ని, చతుశ్రుతి ద, శుద్ధ ద, ప. మధ్యలో ఒక్క స్వరం కూడా దాటెయ్యకుండా షడ్జమం నుంచి పంచమం దాకా అరమెట్టు అరమెట్టుగా దిగడం. పాటలో కథ కూడా అదే కదా, పార్కులో కూర్చున్న ఇద్దరు, ఒక రాత్రి, పొద్దున్నే లేచేసరికి ఆమె ఉండదు. ఆ శుద్ధ ధైవతం దగ్గర, అంటే మైనర్ కార్డ్ దగ్గర, చెయ్యి కొంచెం నెమ్మదించి విడిగా వినపడేలా మీటండి. స్ట్రమ్మింగ్ ప్యాటర్న్ ఏంటి అని అడుగుతారు అందరూ, దీనికి ప్యాటర్న్ వెతకొద్దు, బొటనవేలితో లావు తీగలు, తర్వాత వేళ్ళతో తేలిగ్గా పై తీగలు, మాట ఎక్కడ పడితే అక్కడ.

‘షెల్టర్’ దీనికి పూర్తి రివర్స్. మూడే కార్డ్స్, పది చరణాలు, ఐదు నిమిషాలు. ఎడమ చేతికి పనే లేదు, భారమంతా కుడి చెయ్యి, గొంతు. చాలామంది మూడో చరణానికి విసుగొచ్చి స్పీడ్ పెంచేస్తారు, పెంచకండి. రికార్డులో బేస్ మీద చెవి పెట్టండి, గిటార్ ఒకేలా నడుస్తున్నా టోనీ బ్రౌన్ చరణానికీ చరణానికీ చిన్న చిన్న మార్పులు చేస్తుంటాడు, పాట ముందుకి కదులుతున్నట్టు అనిపించేది సగం దానివల్లే. మీకు తోడు బేస్ లేదు కాబట్టి ఆ పని మీ బొటనవేలు చెయ్యాలి.

కొన్ని జాగ్రత్తలు. తీగలు దించితే వదులై జర్రుమంటాయి, మీ గిటార్‌కి సన్నటి పదో నంబర్ సెట్ ఉంటే మరీ ఎక్కువ, పన్నెండు సెట్ వేయించుకోండి, దానికయ్యే ఖర్చు కొత్త గిటార్‌తో పోలిస్తే లెక్కలోది కాదు. తీగని కావలసిన స్వరం కంటే కొంచెం కిందకి దించి మళ్ళీ పైకి తీసుకురండి, లేకపోతే రెండు పాటలకే జారిపోతుంది. వదులు తీగల మీద క్యాపో గట్టిగా పడితే శృతి పైకి పోతుంది, అందుకని క్యాపో పెట్టాక ఇంకోసారి ట్యూన్ చెయ్యాలి, ముందు కాదు. నెట్‌లో కొందరు క్యాపో వద్దు తీగల్నే ఓపెన్ ఇ కి బిగించండి అంటారు, స్వరాలు అవే వస్తాయి నిజమే గానీ మూడు తీగలు పైకి లాగాలి, కొత్తవాళ్ళ గిటార్ల మీద నేను చేయించను. ఇంకోటి, ఆడవాళ్ళు పాడుతుంటే ఈ కీ చాలామందికి కిందకి పోతుంది, క్యాపో ఐదుకో ఏడుకో జరుపుకోండి, వేళ్ళు అవే.

రికార్డు పెట్టుకుని దానితోపాటు వాయిస్తుంటే ఎంత ట్యూన్ చేసినా కలవట్లేదు అని కూడా రాశారు కదా, అక్కడ మీ చెవిది తప్పు కాదు, ట్యూనర్‌దీ కాదు. న్యూయార్క్ మాస్టర్లలో (ఫైనల్ టేపుల్లో) చాలావాటిని డిలన్ కోరిక మీద ఇంజనీర్ ఫిల్ రామోన్ రెండు మూడు శాతం స్పీడ్ పెంచాడు, పాటలకి కొంచెం ఊపు రావాలని. అంత పెంచితే శృతి దాదాపు అరమెట్టులో సగం వరకు పైకి వెళ్తుంది, అంటే ఏ స్వరం మీదా సరిగ్గా కూర్చోదు. రికార్డుతో కలపాలంటే ట్యూనర్ పక్కన పడేసి చెవితోనే కలపండి. లేదా 2018లో వచ్చిన ‘మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్’ పెట్టుకోండి, అందులో ఆ టేకులు అసలు స్పీడ్‌లోనే ఉన్నాయి. స్పీడ్ తేడా కొంచెమే అనిపిస్తుంది గానీ గొంతులో బరువు తెలిసిపోతుంది, రెండూ పక్కపక్కన వినండి ఒకసారి.

ఇక మీ ఫ్రెండ్ మాట. న్యూయార్క్ వెర్షనే అసలుదా?

జరిగింది ఇది. 1974 సెప్టెంబర్ 16 నుంచి నాలుగు రోజులు న్యూయార్క్‌లో ఎ అండ్ ఆర్ స్టూడియోలో రికార్డ్ చేశాడు. అది ఒకప్పుడు కొలంబియా కంపెనీ స్టూడియో, తన మొదటి ఆల్బమ్‌లు చేసింది అక్కడే. మొదటిరోజు ఎరిక్ వైస్‌బర్గ్ బ్యాండ్ మొత్తాన్ని పిలిపించారు. వాళ్ళు ఆషామాషీ వాళ్ళు కాదు, కానీ డిలన్ పాట ఒకసారి గబగబా వినిపించి టేక్ అనేవాడు, పేపర్ మీద ఏమీ ఉండదు. గిటారిస్టులు ఎదుటివాడి ఎడమ చెయ్యి చూసి కార్డ్ పట్టేస్తారు, అది మా వృత్తిలో అందరం చేసేదే. ఇక్కడ చెయ్యి చూస్తే మామూలు ట్యూనింగ్‌లో ఉండే ఏ ఆకారమూ కాదు, వేళ్ళు ఒకచోట శబ్దం ఇంకోచోట. ఆ బ్యాండ్ నుంచి ఆల్బమ్‌కి మిగిలింది ‘మీట్ మీ ఇన్ ద మార్నింగ్’ ఒక్కటే, తర్వాతి రోజుల్లో ఎక్కువగా టోనీ బ్రౌన్ ఒక్కడితోనే కానిచ్చాడు. దీని గురించి రాసేవాళ్ళందరూ ఆ ఏకాంతం బ్రేకప్ బాధలోంచి వచ్చింది అంటారు. నేనైతే సగం ట్యూనింగ్‌లోంచి వచ్చిందంటాను.

ఆల్బమ్ తయారైపోయింది, టెస్ట్ ప్రెస్సింగులు (శాంపిల్ రికార్డులు) కూడా కొట్టారు. డిసెంబర్‌లో సొంత రాష్ట్రం మినెసొటా వెళ్ళినప్పుడు తమ్ముడు డేవిడ్ జిమ్మర్‌మన్ విని ఇలా వదలొద్దన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు, న్యూయార్క్ పాటలన్నీ ఒకే ట్యూనింగ్‌లో ఉన్నాయి, పది పాటలు వరసగా అదే శృతిలో వింటే రికార్డు రెండో వైపుకి వచ్చేసరికి చెవి మొద్దుబారుతుంది. డిసెంబర్ 27న, 30న మినియాపొలిస్‌లో సౌండ్ 80 స్టూడియోలో లోకల్ కుర్రాళ్ళని పోగుచేసి ఐదు పాటలు మళ్ళీ చేశారు. ‘టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ’, ‘యూ ఆర్ ఎ బిగ్ గర్ల్ నౌ’, ‘ఇడియట్ విండ్’, ‘లిలీ, రోజ్‌మేరీ అండ్ ద జాక్ ఆఫ్ హార్ట్స్’, ‘ఇఫ్ యూ సీ హర్, సే హలో’. ఇవి మామూలు ట్యూనింగ్‌లో ఉన్నాయి, కాబట్టి వీటికి గిటార్ మళ్ళీ వెనక్కి మార్చుకోవాలి మీరు.

‘టాంగిల్డ్’ దగ్గర ఒక ముచ్చట ఉంది. డిలన్ అక్కడ దాన్ని జి లో మొదలుపెట్టాడు. కెవిన్ ఓడెగార్డ్ అనే కుర్రాడు, అప్పటికి బయట ఎవరికీ తెలియనివాడు, ఎ లో అయితే బాగుంటుందేమో అన్నాడు. అంత పెద్దాయనకి మొదటిసారి కలిసి కీ మార్చమని చెప్పడానికి ఎంత గుండె ఉండాలి! డిలన్ కాదనకుండా మార్చాడు, గొంతు ఒక మెట్టు పైకి తోసుకోవాల్సి వచ్చింది, చరణం చివర ఆయన అరిచినట్టు సాగదీస్తాడే, ఆ ఒరిపిడి ఆ మెట్టువల్ల వచ్చిందే. పాపం ఆ మినియాపొలిస్ వాళ్ళ పేర్లు కవర్ మీద లేవు, అప్పటికే అట్టలు అచ్చయిపోయాయి. ఆల్బమ్ 1975 జనవరిలో వచ్చి అమెరికా చార్ట్‌లో నంబర్ వన్‌కి వెళ్ళింది, వాళ్ళకి పేరు దక్కడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

ఏది బెటర్ అంటే పాటని బట్టి చెప్తాను, మొత్తంగా ఒకదానికి ఓటు వెయ్యను. ‘టాంగిల్డ్’ మినియాపొలిస్‌దే, డౌటే లేదు, డ్రమ్స్ లేకుండా ఆ ప్రయాణం కదలదు. ‘ఇడియట్ విండ్’ కూడా నాకు మినియాపొలిస్‌దే ఇష్టం, న్యూయార్క్‌లో అది కుమిలిపోయే పాట, మినియాపొలిస్‌లో మండిపోయే పాట, ఆ మాటలకి మంటే సరిపోతుంది. వాయించేవాళ్ళకి ఇందులో ఒక పాఠం కూడా ఉంది, జి కీ పాట సి మైనర్‌తో మొదలవుతుంది, అంటే ఇల్లు ఎక్కడో చూపించకముందే ఇంట్లో లేని కార్డ్‌తో తలుపు బాదడం. ‘ఇఫ్ యూ సీ హర్’, ‘బిగ్ గర్ల్’ రెండూ మాత్రం న్యూయార్క్‌వే వినండి. ముఖ్యంగా ‘ఇఫ్ యూ సీ హర్’ కొత్త వెర్షన్‌లో మాండొలిన్ వచ్చి అందంగా అలంకరించేసింది, ఆ పాటకి అలంకారం దేనికి? ‘లిలీ’ సంగతికొస్తే తొమ్మిది నిమిషాల పాట, రెండిట్లోనూ నాకు ఓపిక ఉండదు, అభిమానులు క్షమించాలి.

న్యూయార్క్ టేకులు హెడ్‌ఫోన్స్‌లో వింటే గిటార్ మీద చిన్నగా టకటకమని చప్పుడు వస్తుంటుంది, ఫైల్ పాడైందేమో అనుకోకండి. అవి డిలన్ కోటు చేతి గుండీలు, చెక్కకి కొట్టుకుంటున్నాయి. ఈరోజుల్లో ఏ ఇంజనీరైనా ఆపి కోటు విప్పించేవాడు. నా దగ్గరికి వచ్చే ఇంకొకాయన, ఇంట్లో రెండు మూడు మంచి గిటార్లున్నాయి, మైకులు కూడా కొన్నాడు, రికార్డ్ చేసిన ప్రతిదాంట్లో వేలు జారిన చప్పుడు కూడా ఉండకూడదని గంటలు గంటలు ఎడిట్ చేసేవాడు. ఆయనకి ఈ గుండీల చప్పుడు వినిపించాక మైకు ఒకటి పెట్టి, పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క టేక్‌లో పాడమన్నా. వచ్చింది పర్ఫెక్ట్‌గా లేదు, కానీ ఆయన చేసినవాటిల్లో మా ఇద్దరికీ రెండోసారి వినాలనిపించింది అదొక్కటే.

విడాకుల కథ తెలియాలా అంటే, అక్కర్లేదు, తెలిసినా నష్టం లేదు. ఆ టైమ్‌లో ఆయన, భార్య సారా దూరమవుతున్న మాట నిజం, 1977లో విడిపోయారు. వాళ్ళబ్బాయి జేకబ్ డిలన్ ఈ పాటల్లో తనకి అమ్మానాన్నలు మాట్లాడుకుంటున్నట్టు వినపడుతుందన్నాడు. డిలనేమో తర్వాత తన పుస్తకంలో, రష్యన్ రచయిత చెహోవ్ కథల ఆధారంగా ఒక ఆల్బమ్ రాస్తే విమర్శకులు దాన్ని నా ఆత్మకథ అనుకున్నారు అని రాశాడు, పేరు చెప్పలేదు గానీ అందరూ దీని గురించే అనుకుంటారు. ఆయన మాట ఎంతవరకు నమ్మాలో ఆయన్ని చదివినవాళ్ళకి తెలుసు. వాయించే మనకి దీనికంటే పనికొచ్చే సంగతి ఇంకోటుంది, 1974లోనే ఆయన న్యూయార్క్‌లో నార్మన్ రేబెన్ అనే పెద్దాయన దగ్గర పెయింటింగ్ క్లాసులకి వెళ్ళాడు. బొమ్మలో నిన్న, ఇవాళ, రేపు అన్నీ ఒకేసారి ఎదురుగా ఉంటాయి, పాటలో కూడా అలా చెయ్యాలని చూశానని తనే చెప్పాడు. ‘టాంగిల్డ్’ న్యూయార్క్ టేక్‌లో మొదట్లో మంచం మీద పడుకున్నవాడు ‘అతను’, ఆల్బమ్‌లో ‘నేను’. 1984 లైవ్ రికార్డులో అయితే చరణాలకి చరణాలే మార్చేశాడు. సొంత డైరీ అయితే ఎవరు ఇన్నిసార్లు మనుషుల్ని మారుస్తారు చెప్పండి. అందుకని పాడేటప్పుడు ఆయన బాధని అనుకరించకండి, ముక్కుతో పాడటం కూడా వద్దు, కథ చెప్పండి.

నేర్చుకునే వరస అడిగితే: ముందు ‘సింపుల్ ట్విస్ట్’, అది చేతికి వచ్చాక ‘షెల్టర్’, తర్వాత ‘బకెట్స్ ఆఫ్ రెయిన్’. చివరిదాంట్లో బొటనవేలు ఆగకుండా లావు తీగల మీద అటూ ఇటూ నడవాలి, పై వేళ్ళు పాట ఎత్తుకోవాలి, దానికి టైమ్ పడుతుంది, మెట్రోనోమ్ పెట్టుకుని సగం స్పీడ్‌లో చెయ్యండి. ఈ మూడూ ఒకే ట్యూనింగ్ కాబట్టి మధ్యలో తీగలు తిప్పే పని లేదు.

కొనే విషయానికొస్తే, మామూలు ఆల్బమ్ ఎలాగూ ఉంది మీ దగ్గర. ‘మోర్ బ్లడ్’ ఆరు సీడీల పెట్టె, 87 ట్రాకులు, మొదట్లోనే దాని జోలికి పోకండి, ఒకే పాట వరసగా పది టేకులు వినడం పిచ్చి ముదిరాక చేసే పని. మినియాపొలిస్‌వి కూడా అందులో ఆ ఐదే ఉన్నాయి, మిగతాదంతా న్యూయార్క్. ఒక్క సీడీ వెర్షన్ విడిగా ఉంది, పది పాటలకీ న్యూయార్క్ టేక్ ఒక్కోటి, అదనంగా ఆల్బమ్‌లోంచి తీసేసిన ‘అప్ టు మీ’ ఉంటుంది, మీకు ప్రస్తుతానికి అది చాలు. ఆ ‘అప్ టు మీ’ కూడా ‘షెల్టర్’ నడకలోనే ఉంటుంది, ‘షెల్టర్’ వచ్చాక దాన్ని చూసుకోండి. ట్యూనింగ్ మార్చాక తీగలు ఇంకా జర్రుమంటుంటే ఏ ఫ్రెట్ దగ్గరో రాయండి, నెక్ సర్దాలా తీగలు మార్చాలా చెప్తా.